చివరి నుంచి విన్న నవల

మా పిన్ని కొత్త నవల కొనగానే చేసే మొదటి పని దాన్ని బ్లేడుతో కోయడం. పేజీ మూల మడిస్తేనే ప్రాణం చివుక్కుమనే నాకు అది చూస్తే ఒళ్లు మండేది. ఆవిడ నా మొహం చూసి నవ్వుకుంటూ, నవలని ఆరు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ దారంతో కుట్టి, మొదటిది పని కోటు జేబులో పెట్టుకుని చక్కా పనికి పోయేది.

పిన్ని చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. లావుపాటి నవల జేబులో పట్టదు, ముక్క పడుతుంది. టీ విరామాల్లో చదవడం పూర్తయ్యాక వెనక మిషను మీద కాజాలు కుట్టే ఆవిడకి ఇస్తుంది. అక్కణ్నుంచి గుండీలావిడకి, ఆ తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గరికి. చొక్కా నడిచే దారిలోనే కథా నడుస్తుంది. ముందు చదివినవాళ్లు తర్వాతివాళ్ల దగ్గర నోరు జారకూడదన్నది అక్కడి కట్టుబాటు. జారారో, ఇక ఆ మనిషితో ఎవరూ మాట్లాడరు.

పిల్లాడికి టైఫాయిడ్ వచ్చినా, ఇల్లు కురిసినా, ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడినా పిన్ని చదువు ఆగలేదు. కష్టాలు మర్చిపోవడానికా అని అడిగితే విసుక్కుంది.

"బావుంటుంది, చదువుతాను. దానికో కారణం కూడా కావాలా?"

ఆ జవాబుకి నేను పడిపోయాను. బ్లేడు సంగతి క్షమించేశాను కూడా.

బాబాయి లారీ డ్రైవరు. ఒట్టి వాగుడుకాయ. కథ చదవమంటే మాత్రం ఆవలించేవాడు. ఒకరోజు లారీ దిగుతూనే కుప్పకూలాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చిన పిన్ని జేబులో అప్పుడు చదువుతున్న నవల ఆఖరి ముక్క అలాగే ఉండిపోయింది.

ప్రాణానికి భయం లేదన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. మాట రావచ్చు, రాకపోవచ్చు. మాట నేర్పే అమ్మాయి ఒకామె రోజూ వచ్చి బొమ్మలు చూపించి, ఇది చెంచా, ఇది గ్లాసు, అనండి అని ఓపిగ్గా బతిమాలేది. బాబాయి గోడవైపు తిరిగేవాడు. ఆ మనిషి అలా మూగబోతే చూడలేక మేం వరండాలోకి వచ్చి ఏడ్చేవాళ్లం. పిన్నీ ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మంచం పక్కకి కుర్చీ లాక్కుని, జేబులో ముక్క తీసింది. తనలో తాను చదువుకుంటే ఆయనకి తోచదని పైకి చదివింది, అంతే.

ఒకామె సొంత ఇంటికి తాళం వేసి, పెట్టె పట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోవడంతో నవల ముగిసింది. పిన్ని ముక్క మూసింది. బాబాయి మొహం ఇటు తిప్పాడు. పెదాలు కదిలాయి, గొంతు పెగల్లేదు. పిన్ని తొందర పెట్టకుండా కూర్చుంది.

"అంతకు... ముందు?" అన్నాడు.



అంతకుముందు ముక్క కాజాలావిడ దగ్గరుంది. ఆవిడ ఇంకా సగంలోనే ఉన్నా సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చింది. తర్వాత గుండీలావిడ, ఆ తర్వాత ఇస్త్రీ బల్ల ఆవిడ తమ దగ్గరున్న ముక్కలన్నీ తెచ్చిచ్చారు. అలా ఆరో ముక్క నుంచి ఒకటో ముక్క దాకా, బాబాయి నవలంతా వెనక నుంచి ముందుకి విన్నాడు. పెట్టెలో ఏముంది, ఆమె ఎందుకు నవ్వింది, తాళం ఎవరికిచ్చింది అని నత్తినత్తిగా అడుగుతూనే ఉన్నాడు. విన్నదంతా సరిచూసుకోవాలని ఆఖరి ముక్క దిండు కిందే పెట్టుకున్నాడు. దాంతో అది ఫ్యాక్టరీకి చేరనే లేదు. ముగింపు తెలియక అక్కడ అందరికీ ఒకటే ఆరాటం.

ఇంటికి పంపే రోజు వాళ్లంతా చూడటానికొచ్చారు. కాజాలావిడ మంచం దగ్గరికి వంగి, "ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోతుందా అన్నయ్యా?" అని మెల్లగా అడిగింది.

బాబాయి ఉత్సాహంగా నోరు తెరిచాడు. పిన్ని కళ్లెర్రజేసింది. అన్నాళ్లూ ఏ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని మేం కాచుకుని కూర్చున్నామో, ఆ నోటిని ఆయన ఎడంచేత్తో గట్టిగా మూసుకుని, రెండో చెయ్యి రాక, దిండు కింద ముక్కని కళ్లతోనే చూపించాడు.