చివరి మడి దున్నాలి

ఆమె మెత్తబరిచిన నేలను ఆమె దగ్గర్నుంచి ఇప్పటికి మూడుసార్లు తీసుకున్నారు. మూడుసార్లూ మెచ్చుకునే తీసుకున్నారు.

మా కార్మికుల క్వార్టర్ల వెనక ఖాళీ జాగాను మడులుగా విడగొట్టి, కూరగాయలు పండించుకొమ్మని ఇంటికొకటి ఇచ్చారు. ఏటా వానలకు ముందు కాలనీ కమిటీ కూర్చుని మడులు మారుస్తుంది. కొత్తగా అడిగినవాళ్లకు గేటు వైపు మెత్తటి మడి, ఈమెకు ఎవరికీ అక్కర్లేని గట్టినేల. "మీ చెయ్యి మంచిదమ్మా, మీకెక్కడిచ్చినా పండుతుంది" అంటాడు కమిటీ పెద్ద, రిటైరైన ఓవర్సీరు. ఆమె తలూపి, గునపం భుజానేసుకుని వెనక్కి నడుస్తుంది. అలా జరిగి జరిగి ఈ ఏడు ప్రహరీగోడకు ఆనుకుంది. కాలనీ ఆమెను గునపమ్మ అంటుంది. ఆ పేరులో గౌరవం ఉందనేవాళ్లున్నారు. నాకైతే కనబడదు.

ఇంట్లో ఇద్దరే. భర్త బస్సు నడిపేవాడు. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయాక మంచం నుంచి కిటికీ దగ్గరి కుర్చీ దాకానే ఆయన రూటు. ఆమె దుకాణాలకు దిండు గలీబులు కుడుతుంది. ఆ సంపాదన అద్దెకూ మందులకూ సరి. కూర మాత్రం మడిలోంచే రావాలి. మడి పోతే ఆ ఇంట్లో అన్నంలోకి ఏమీ ఉండదు.

ఈ ఏడు ఆమె కుడిభుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాకా లేవదు. తల కూడా ఆయనే, పనిచేసే ఒక్క చేత్తో దువ్వి పెడుతున్నాడు. గునపం ఎత్తితే చెయ్యి పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. అదే వారం కమిటీ నోటీసు అంటించింది: ఆదివారంలోగా నేల తవ్వని మడి వేరేవాళ్లకు.

ఆ చివరి మడి ఎలాంటిదనుకున్నారు? ప్రహరీ కట్టినప్పుడు లారీలు నిలిచింది అక్కడే. మిగిలిన సిమెంటు పారబోసిందీ అక్కడే. పార వేస్తే తిరిగొచ్చి మొహాన కొట్టేట్టు ఉంటుంది.

"మిషన్ కొనేద్దాం. చిన్న రోటవేటరు. చేతులతో పట్టుకుని నడిపించడమే, అదే దున్నుకుంటూ పోతుంది" అన్నాడు భర్త.

"దేన్ని అమ్మి?"

"నీ కుట్టుమిషన్."

"బానే ఉంది. అది పోయాక గలీబులు మీరు నోటితో కుడతారా?"

"పోనీ నన్నమ్మెయ్యి. ఒకవైపు ఇంకా కండిషన్లోనే ఉంది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే మిషన్ల దుకాణానికి వెళ్లింది, ధర విని మంచినీళ్లు అడిగి తాగి వచ్చేసింది.

ఇక అద్దె. అద్దెకిచ్చే అతను మొహమాటం లేకుండా చెప్పాడు. "ఒక్క మడికి బండి దించనమ్మా. ఎక్కించి దించేసరికే పూట పోతుంది. ఓ పది మడులు కూడగట్టుకు రండి, వెంటనే వస్తా."

పది మడుల కోసం ఆమె గడప గడపా తిరిగింది. గేటు పక్క మడిని ఇప్పుడు నర్సమ్మ చేస్తోంది. ఒకప్పుడు దాన్ని రాళ్లేరి మెత్తబరిచింది ఈమే.

"మాకెందుకు వదినా మిషన్? మా నేల వెన్నలా ఉంటేనూ" అంది నర్సమ్మ.

"అవును, వెన్నలాగే ఉంటుంది" అని ఈమె వచ్చేసింది. మెట్లు దిగి పక్కింటి తలుపు తట్టింది. మిగతా ఇళ్లలోనూ ఆ మాటే. మిషన్ అవసరం లేని నేలలన్నీ ఆమె చేసినవో, ఆమె పక్కనుండి చేయించినవో.

మిగిలింది అరువు. కాలనీలో రోటవేటరు ఉన్నది ఒక్కడికే, పెయింటరుకు. పాతది ఎక్కడో కొన్నాడు. ఈ ఏడు ఈమె చేతిలోంచి పోయిన మడి అతనికే వచ్చింది. అప్పట్నుంచి ఆమె అతని మడి మీదుగా నడవదు, చుట్టు తిరిగి పోతుంది. అలాంటిది వెళ్లి రంగు డబ్బాల మధ్య నిలబడింది.

"తమ్ముడూ, మిషన్ ఒక్క పూట ఇస్తావా?"

పెయింటరు కుంచె కింద పెట్టాడు. "నన్ను తిట్టడానికి వచ్చావనుకున్నా అక్కా."

"తిట్లు తర్వాత. ముందు మిషన్."

"తీసుకెళ్లు. నాకు రేపట్నుంచి ఊరవతల పని. ఒక్కమాట, హ్యాండిలు బిగించి పట్టుకోకు, దాని దారిన దాన్ని పోనియ్యి."

అతను చెప్పింది ఆ ఒక్కమాటే. చెప్పాల్సిన రెండోమాట, నేల తడిగా ఉండకూడదన్నది, గునపం పట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. గట్టినేల తవ్వేముందు రోజు దాన్ని బాగా తడపాలన్నది గునపం పద్ధతి. ఆమెకు అదే అలవాటు. సాయంత్రం దాకా బిందెలు ఎడమచేత్తో మోసి మడంతా తడిపింది. గునపానికి తడినేల లొంగుతుంది. మిషన్‌కు అదే శత్రువు. పొద్దున్నే తాడు లాగి మొదలుపెట్టగానే బంకమట్టి పళ్లకు ముద్దలు ముద్దలుగా చుట్టుకుంది. మిషన్ దున్నడం మాని బురదలో కూరుకుపోసాగింది. ఆమె ఇంకా వేగం పెంచింది.

కిటికీలోంచి భర్త కేకలు. "ఆపెయ్! బెల్టు కాలుతున్న వాసనొస్తోంది! ఆపెయ్యవే!"

ఆ మోతలో ఆమెకు వినపడలేదు. బురద కింద సిమెంటు దిమ్మె తగిలింది. ఖణేలుమని మిషన్ ఎగిరి పక్కకు పడింది, ఆమె దాని మీద పడింది. ఇరుసు వంగింది. బిగిసిన భుజం ఇంకా బిగిసింది.

మెకానిక్ చూసి, ఇరుసు తెప్పించాలి, నెల పడుతుందన్నాడు. పెయింటరు వచ్చేదాకా ఆమె అతని గుమ్మంలోనే కూర్చుంది.

"నీ మిషన్ పాడుచేశాను తమ్ముడూ. కుట్టుమిషన్ తీసుకెళ్లు."

"నాకెందుకక్కా అది? గోడలకు గలీబులు తొడగనా?" అని, అతనే మళ్లీ తల దించుకున్నాడు. "నీ మడి తీసుకున్నప్పుడు నేనడగలేదు, నీకు ఏమిస్తున్నారని. చివరి మడి ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు."

ఆమె లేచింది. ఇంటికొచ్చి గునపం తీసింది. భర్త కుర్చీ ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. "నా మీదుగా పో" అన్నాడు. ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆయన ఏడుస్తున్నాడు, ఆమె గునపం దించలేదు. అప్పుడు మేం పక్కింటివాళ్లం వెళ్లి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాం.

మర్నాడు ఓవర్సీరు దగ్గరికి వెళ్లి గడువు పొడిగించమన్నాను. "రూలు అందరికీ ఒకటే" అన్నాడు. అందరికీ ఒకటే నేల ఇచ్చినప్పుడు ఆ మాట అనాలి.

ఈ రాత కాలనీలో మడి ఉన్న ప్రతివారికీ. జాలి చూపించమని కాదు. ఈ ఆదివారం కమిటీ రాకముందే చివరి మడికి రండి. బురద ఆరి నేల పదునుకొచ్చింది, గునపాలూ పారలూ తెండి. సిమెంటు దిమ్మెలు తియ్యడానికి బలమున్న నలుగురు కావాలి, మట్టి తట్టలు మొయ్యడానికి ఎవరైనా చాలు. పెయింటరు వస్తానన్నాడు. నర్సమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. తవ్వడం అయ్యాక ఇళ్లకు పోకండి. కమిటీ ముందు నిలబడి ఒక్క తీర్మానం అడగండి: నేలను మెత్తబరిచినవాళ్ల మడి వాళ్లదే, ఏటా మార్చడం ఆపాలి. అలా అడగడం కుదరదంటే, మీ మడి ఆమెకిచ్చి చివరి మడి మీరు తీసుకోండి.