అమ్మ దగ్గర మొలిచిన కంప

ఆ రోజుల్లో మా అనంతపురం పల్లెలకు వాన రాకపోయినా తప్పకుండా వచ్చేవి రెండే: చుట్టాలు, సర్కారు కంప. చుట్టాలు తిని పోయేవాళ్లు, కంప మాత్రం పోలేదు. (పొయ్యికీ కంచెకూ పనికొస్తుందని మేమే పిలిచి పీట వేశాం లెండి.) మేకలు దాని కాయలు తిని గుట్టంతా విత్తనాలు చల్లాయి. చూస్తుండగానే బత్తలపల్లె దారిలో ఉన్న మా గుట్టచేను మీద రేగు, బలుసు, బోదగడ్డి అన్నీ దాని కింద మాయమైపోయాయి. మా అమ్మకు ఆ కంపంటే ఒళ్లుమంట. "రేగుముల్లు గుచ్చుకుంటే పండన్నా చేతికొస్తాది. ఈ పాడు ముల్లు గుచ్చుకుంటే ఏమొస్తాది, చీము!" అనేది. జబ్బుచేసి మంచం పట్టాక నాయనను ఆమె కోరింది ఒక్కటే. "నన్ను గుట్టచేన్లోనే పెట్టు. నా మీద కంప మాత్రం మొలవనియ్యొద్దు. రేగుచెట్టు పెట్టు." నాయన సరేనన్నాడు.

అమ్మ పోయాక నాయన గడ్డపార పట్టి ఆ చేన్లో కంపను వేళ్లతో సహా పెరికాడు. నాకప్పుడు కొత్తగా బడిపంతులు ఉద్యోగం. సెలవురోజుల్లో నేనూ తవ్వి చేతులు బొబ్బలెక్కించుకునేవాణ్ణి. రేగు గింజలు నాటితే మొలిచాయి. మొలిచినవి మొలిచినట్టే మేకల మామ మేకలు కొరికేశాయి. (ఆయన ఊరందరికీ మామ, ఆయన మేకలు అందరి చేలకూ అల్లుళ్లు.) తిట్టి తిట్టి విసిగిన నాయన, ఒకనాడు అమ్మ తలాపున పాతిన రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాడు. అంతే! ముత్తైదువుగా పోయిన మా అమ్మ పేరంటాలమ్మగా వెలిసిందని ఊరంతా నమ్మింది. మేకలు ఆ దిక్కుకు రాలేదు. అంత కరువులోనూ ఆడవాళ్లు ముంతెడు నీళ్లు తెచ్చి పోసి మొక్కుకునేవాళ్లు. రేగుమొక్కలు లేచాయి. నాయన మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆ నీళ్లకే, రాతిని ఆనుకొని, ఒక కంప కూడా లేచింది. నాయన గొడ్డలి తీసుకుపోయేసరికి మేకల మామ దానికి పసుపుదారం చుట్టి కాపలా కూర్చున్నాడు.

"ఏమప్పా, పేరంటాలమ్మ చెట్టుకే గొడ్డలి పెడతావా? కండ్లు పోతాయి!"

"అది చెట్టు కాదురా, కంప!"

"అమ్మ కాడ మొలిచినాక ఇంక కంప యాడిది?"

పసుపు పూసింది తానేనని నిజం చెబితే మేకలొచ్చి రేగును మేస్తాయి. చెప్పకపోతే అమ్మ మీద కంప పెరుగుతుంది. నాయన గొడ్డలి దించేశాడు. మామ వెళ్లిపోయాక ఆ రాతి పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. "మీ యమ్మ అడిగింది ఒక్కటిరా. అదీ నాతో కాలేదు" అన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. అంతలో ఒక ముసలామె వచ్చి నీళ్లు పోసి, రాతికి దండం పెట్టి పోయింది. నాయన ఆమెనే చూస్తూ కండ్లు తుడుచుకున్నాడు.

"బతికినన్నాళ్లు మీ యమ్మకు ఎవురన్నా దండం పెట్టినారా? నేనన్నా పెట్టినానా? పోనీలే, ఉండనీ."

ఇప్పుడు నా వయసు, నాయన పోయేనాటి వయసు కంటే ఎక్కువ. మొన్న ఎవరూ లేని వేళ చూసుకొని గొడ్డలితో వెళ్లాను. చుట్టూ రేగుచెట్లు విరగకాసి ఉన్నాయి. కంపకు ఎవరో కొత్త దారం కట్టారు. అంత వీరుణ్ణి గొడ్డలి పక్కన పెట్టి, దండం పెట్టి, రాలిన పండ్లు ఏరుకొని వచ్చేశాను. దారిలో చూసుకుంటే వేలికి ముల్లు గుచ్చుకొని ఉంది. రేగుదే అయ్యుంటుంది, చేతిలో పండు ఉంది కదా.