లామినేషన్ చేసిన బేస్‌బాల్ కార్డులు

ఆ రోజుల్లో నాకు లామినేషన్ మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద కూడా ఉండేది కాదు. పదో తరగతి మార్కుల మెమో నుంచి లైబ్రరీ కార్డు దాకా ప్రతి కాగితమూ ప్లాస్టిక్ తొడుక్కోవలసిందే. అమెరికాలోని అల్ఫారెట్టాలో నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న వరంగల్ మిత్రుణ్ణి మేమంతా ‘మామ’ అనేవాళ్లం. అతను నన్ను ‘డైరీ’ అనేవాడు (రోజూ రాస్తాను కనుక, ఇదీ ఆ డైరీ చూసే రాస్తున్నాను). ఊళ్లో అతనికి కూతురు పుట్టి ఏడు నెలలైంది. ఇంకా చూడలేదు. టికెట్‌కి డబ్బు లేదు, అప్పు తీసుకోడు. అలాంటివాడు ఒక శనివారం ఎవరో ఇంటి ముందు పెట్టి అమ్ముతున్న పాత సామాన్లలో ఐదు డాలర్లకు చెప్పుల డబ్బా నిండా, ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డులు కొన్నాడు. "ఇవి కొనే షాప్ ఉందంట రా డైరీ, టికెట్ దొరికినట్టే!" అని గంతులేశాడు.

నేను ఊరుకోవచ్చు కదా! అతను లేనప్పుడు కార్డులన్నీ పరిచి, మూలలు నలగని పదకొండింటిని ఏరాను. షాపువాడి చేతి చెమట అంటుతుందని బెంగపడి, ఆఫీస్ మెషీన్‌లో రెండు వైపులా లామినేషన్ చేయించి, మళ్లీ డబ్బా అడుగున సర్దేశాను.

మేమిద్దరం వెళితే, షాపు పెద్దాయన కార్డులు లెక్కపెట్టలేదు. పేకముక్కల్లా చకచకా తిప్పుతూ, పేరున్న ఆటగాళ్ల కోసమే చూశాడు. అలాంటివాటికి దీపం కింద మూలలు చూసి విడివిడిగా ధర కడతాడట, అదీ తను అమ్మగలిగే ధరలో సగం. మిగతావన్నీ కలిపి డబ్బాకింత. చివరికి నా పదకొండూ చేతికొచ్చాయి. "హూ డిడ్ దిస్?" అన్నాడు. మామ నావైపు చూశాడు. అవి మామూలుగా ఉంటే రానూపోనూ టికెట్ వచ్చేదని, ప్లాస్టిక్ అంటించినవి ఎవరూ కొనరని, ఇప్పుడు ఊడదీస్తే కార్డే చిరుగుతుందని చెప్పి, వాటిని వెనక్కి తోసి, మిగతా డబ్బాకు నలభై డాలర్లు ఇచ్చాడు.

కార్ స్టార్ట్ చేస్తూ మామ, "నన్ను గూడ లామినేషన్ జేపియ్యరా డైరీ. పిల్ల పెద్దగైనంక సూసుకుంటది," అన్నాడు.

నవ్వాను. మర్నాడు, కారు కొనడానికి దాచుకున్నదంతా చెక్కు రాసిచ్చాను.

"అప్పొద్దని చెప్పిన గద రా!"

"అప్పు కాదు మామా, జరిమానా."

వెళ్లాడు. ఆ పదకొండింట్లో ఒకదానికి కన్నం పెట్టి, పెట్టెకు గుర్తుగా కట్టుకుని మరీ వెళ్లాడు. అతను తిరిగొచ్చాక నేను ఆ ఏడాదంతా అతని కార్‌లో పక్క సీటులోనే ఆఫీస్‌కి వెళ్లాను.

పోయిన నెల ఆ కూతురే, ఇప్పుడు మా పక్క ఊరు కమ్మింగ్‌లో ఉంటోంది, మా ఇంటికొచ్చింది. ఆమె బ్యాగుకు అదే కార్డు వేలాడుతోంది. "డైరీ అంకుల్, డాడీ నాకు ఇచ్చేశారు. స్టిల్ లైక్ న్యూ కదా?" అంది. కళ్లద్దాలు పెట్టుకుని, షాపు పెద్దాయనలా దీపం కింద పట్టి చూశాను. కన్నం సంగతి వదిలేస్తే, నాలుగు మూలలూ చెక్కుచెదరలేదు. లామినేషన్ విషయంలో అప్పటి నాలోని ఆ కుర్రవాడు మరీ అంత తప్పేమీ చేయలేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.