తడిగుడ్డతో తుడిచిన సీసా

నేను చేసిన పనుల్లో ఇంట్లోవాళ్లకు గూడా చెప్పుకోలేనిది ఒకటుండాది. డెబ్బైల చివర్లో, తిరుపతిలో నేను రీసెర్చికి చేరిన మొదటేడు జరిగింది.

మా ల్యాబులో నాకంటే పెద్దామె, ఒక అక్క ఉండేది. చిత్తూరులో ఆడపిల్లల బడిలో టీచరు. సెలవు పెట్టి వచ్చి థీసిస్ చేస్తాండేది. ఆ సెలవు దీపావళితో సరి. ఆ లోపల ఇంకొక్క పదార్థం తయారు చేస్తే ఆమె పని ముగిసినట్టే. దానికి తడి లేని అల్యూమినియం క్లోరైడు కావల్ల. బెంజీనుకు ఇంకో ముక్క అతికించాలంటే అది లేకుండా జరగదు. మన బజార్లో దొరికేది ఇనుము కలిసి పసుప్పచ్చగా ఉండేది. దాంతో రెండుసార్లు చేస్తే ఆమెకు జిగురే మిగిలింది. ఆర్నెల్లు కాచుకుంటే జర్మనీ నుంచి స్వచ్ఛమైనది వచ్చింది, తెల్లగా, ఒకే ఒక సీసా.

దానికి చెమ్మంటే గిట్టదు. గాలిలోని తేమ తగిలినా చాలు, తెల్లగా పొగలు కక్కి, ముక్కులదిరే ఆమ్లం వాసన కొట్టి, ఎందుకూ పనికిరాకుండా పోతాది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నోణ్ణే నేను. ఏం లాభం!

ఆయుధ పూజకు అక్క ఊరికి పోయింది. త్రాసులు, పంపులు తుడిచి బొట్లు పెట్టే పని నాకు చెప్పినారు. అంత దూరం నుంచి వచ్చిన సీసాకు పూజ లేకుంటే ఎట్లా అనుకుని, చెమ్మ తగలకుండా గాజు డబ్బాలో భద్రంగా ఉన్నదాన్ని బయటికి తీసినాను. మూతి చుట్టూ పొడి అంటుకోనుంటే బిరడా తీసి తడిగుడ్డతో తుడిచినాను. బుస్సుమని పొగ లేచింది. బిరడా ఎంత నొక్కినా సరిగ్గా కూర్చోలేదు. అప్పుడైనా దాన్ని తిరిగి డబ్బాలో పెట్టుండొచ్చు గదా? పూజలో పెట్టిన పనిముట్టును మరుసటి దినం దాకా కదిలించగూడదని మా ఇంట్లో పట్టింపు. బొట్టు పెట్టి, అట్లే వదిలేసి తాళం వేసినాను. బయట వాన పట్టుకునింది.

మరుసటి దినం పోయి, సీసాకు పెట్టిన బొట్టు తుడిచేసి, ఏమీ ఎరగనట్టు దాని చోట్లో పెట్టినాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అక్క వచ్చి తెరిస్తే లోపలంతా గడ్డకట్టి ఉండాది. "అయ్యో, పోయేముందు బిరడా సరిగ్గా పెట్టలేదేమో నేను!" అని తల కొట్టుకునింది. ప్రొఫెసరు కేకలేస్తా ఉంటే "తప్పు నాదే సార్" అనింది. నేను ఆడ్నే నిలబడుకోనుండాను. నోరు పెగల్లేదంటే అబద్ధం. నేనే పెగలనీలేదు.

ఇంకో సీసా రావాలంటే మళ్లీ ఆర్నెల్లు. బడివాళ్లు సెలవు పొడిగించలేదు. దీపావళి ముందర ఆమె పెట్టె సర్దుకుంటే, నేనే దాన్ని మోసుకుని బస్టాండు దాకా పోయినాను. చిత్తూరు బస్సు ఎక్కతా, తన నోట్సంతా నా చేతిలో పెట్టింది.

"నాకు చెయ్యి కుదురు లేదబ్బా. ఈ పని నాకు రాసిపెట్టి లేదు. నువ్వైతే జాగ్రత్తగా చేస్తావు, నువ్వు ముగించు" అనింది.

"సరే అక్కా" అన్నాను. ఆ నోట్సుతోనే నాకు డాక్టరేటు వచ్చింది.