ఫాల్గుణంలో ఘాటెక్కే ముందు

మా నర్సమ్మ పోయిందని పోయిన మంగళవారం కార్డు వచ్చింది. పెద్దపల్లి దగ్గరి సొంతూరి నుంచి ఆమె చెల్లెలి కొడుకు రాశాడు. జ్వరం వచ్చిందని, నాలుగు రోజులే పడుకుందని, చర్చి వెనక నేలలో తల్లి పక్కనే పెట్టారని, అంతే. కార్డు నాకు చేరేసరికి అంతా అయిపోయి పది రోజులైంది. ఇక నేను చేయగలిగింది ఆమెను గురించి నాలుగు మాటలు రాయడమే కనుక రాస్తున్నాను.

హైదరాబాదు స్టేటు ఆఖరి సంవత్సరాల్లో నాకు ఆదిలాబాదు కొండల మీద ఒక గోండు గూడెంలో బడి ఇచ్చారు. కొండ ఎక్కే ఘాటు కింది ఊళ్ళో గది, పైన బడి. సోమవారం ఎక్కితే శనివారం దిగడం. ఆమె ఆ కింది ఊళ్ళోనే మిషను దవాఖానలో నర్సు. పై గూడేలకు ఆమె వెళ్ళేదీ సోమవారమే. తోవ ఒక్కటే కనుక కలిసి నడిచేవాళ్ళం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఆమెకు నలభై దాటాయి.

మాది వేములవాడ పక్క. శివరాత్రి జాతర అయిందంటే గొంగళ్ళు దులిపి అటకెక్కించే ఊరు. మొదటి ఏడు నేనూ అదే లెక్కన ఒంటి అంగీతో బయలుదేరాను. కింద బాగానే ఉంది. రెండో మలుపు దాటేసరికి ఎదుటి మనిషి కనిపించనంత మంచు. పళ్ళు టకటకలాడుతుంటే పరువు కోసం నోరు మూసుకుని నడుస్తున్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే భుజం మీది రెండో శాలువ నాకు అందించింది.

"మీ కింది ఊర్లల్ల శివరాత్రి అయిపోయింది సారూ. గీ గుట్టకు ఇంక కబురు రాలే," అంది.

అదే గుట్ట పదకొండు గంటలకు పెనంలా కాలేది. సాయంత్రం మళ్ళీ వణికించేది. వానాకాలంలో వాన వస్తుందని తెలుసు కనుక మనిషి జాగ్రత్తగానే ఉంటాడని, మోదుగలు పూసి ఆకాశం తేటగా ఉన్న ఈ రోజుల్లోనే కొండ ఎక్కేవాడు మోసపోతాడని ఆమె అనేది. వాగులు ఎండిపోయి ఉంటాయి కనుక సొరకాయ బుర్రలో నీళ్ళు తప్పనిసరి. టేకాకు రాలి తోవంతా పరుచుకుని ఉంటుంది. దిగేటప్పుడు బురద కంటే అదే ఎక్కువ జారుతుంది. అక్కడ ఆమె చెప్పులు విప్పి గొడుగు కొసకు తగిలించుకుని, కర్రతో ఆకును పక్కకు నెట్టుకుంటూ దిగేది. నేను రెండుసార్లు కూలబడ్డాక గానీ నేర్చుకోలేదు. ఆమె నా ముందు నవ్వలేదు కానీ, దారిలో కనిపించిన వాళ్ళందరికీ "సారు జల్ది దిగిండు" అని చెప్పింది.

ఘాటు మొదట్లో అడవి శాఖ వాళ్ళ చౌకీ ఒకటి ఉండేది. అక్కడ ఆగి, పైనుంచి దిగి వస్తున్న వాళ్ళను "పైన ఎట్లున్నది?" అని అడగకుండా ఆమె అడుగు వేసేది కాదు. కట్టెలమ్మే మనిషైనా, పశువుల కాపరైనా సరే. గాలి ఎటు కొడుతోంది, మంచు విడిచిందా, అడవికి ఎక్కడైనా అగ్గి అంటుకుందా, అన్నీ కావాలి. విన్నాక కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని అప్పుడు కదిలేది. నాకు ఇదంతా చాదస్తంగా ఉండేది.

"ప్రభువును అడుగుతనే ఉన్నవు గదా, మళ్ల కట్టెలామెను ఎందుకు అడుగుడు?" అన్నాను ఒకసారి.

"గామెతోని చెప్పిస్తుండేమో సారూ," అంది.

మూడేళ్ళు అట్లా నడిచాం. తర్వాత నాకు కరీంనగర్‌కు బదిలీ అయింది. ఆమె పని మాని ఊరు చేరాక పెద్దపల్లి స్టేషను మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను. ఒక్కసారీ దిగలేదు. తీరిక లేక కాదు. నేను ఆమెను ఒక మాట అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోకుండా ఆమె ఎదుట పడడం నాకు చేతకాలేదు, తీసుకోవడమూ చేతకాలేదు.

అది మూడో ఏటి ఫాల్గుణం. ఆ సోమవారం దవాఖానలో పని తెగక ఆమె, ఆమె కోసం ఆగి నేను, చౌకీ చేరేసరికి పన్నెండు దాటింది. పై గూడెం నుంచి ఒక గోండు రైతు పరుగున దిగి వచ్చాడు. అతని భార్య నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది, కాన్పు కావడం లేదు.

"బాయీ, జల్ది రా. నా ఆడిమనిషి బతకదు," అన్నాడు.

నర్సమ్మ సంచి భుజాన వేసుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. గాలి పడిపోయింది. మోదుగ కొమ్మ ఒక్కటీ కదలడం లేదు. దూరంగా వాయవ్యపు గుట్ట మీద మబ్బు, దాని అడుగున పసుపు కలిపిన నీళ్ళ రంగు.

"వడగండ్లు పడతయి. జర ఆగుదాం," అంది.

చౌకీ దాటితే తోవ లోయలో పడుతుంది. రెండు మైళ్ళ దాకా తల దాచుకునే చోటు లేదు. అది నాకూ తెలుసు. కానీ మా నెత్తి మీద ఎండ కాస్తోంది. రైతు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నాకు కోపం ఆగలేదు.

"నీ పానం నీకు తీపైంది నర్సమ్మా. అక్కడ ఒకామె సస్తున్నది," అన్నాను, నలుగురి ముందు.

"తీపే సారూ," అంది. "నేను నడుమల పడిపోతె ఆమె కాడికి ఎవలు పోతరు?"

చౌకీ అరుగు మీద కూర్చుంది. అరగంట దాకా ఏమీ జరగలేదు. ఎండ అట్లాగే ఉంది. రైతు లేచి తిరగడం, మళ్ళీ కూర్చోవడం. ఆ అరగంట ఆమె అక్కడ ఎట్లా కూర్చోగలిగిందో ఇప్పటికీ నా ఊహకు అందదు.

ఆ తర్వాత మబ్బు చీకటిలా కమ్మింది. చౌకీ పెంకులు పగిలాయి. నిమ్మకాయలంత వడగండ్లు. పావుగంటకు ఆగగానే అందరికంటే ముందు ఆమే బయటికి దూకి నడిచింది. లోయలో నేలంతా తెల్లగా ఉంది. తోవ పొడుగునా గువ్వలు చచ్చి పడి ఉన్నాయి. ఇరుకు మలుపు దగ్గర రెండు మేకలు పడి ఉన్నాయి, తలలు చితికి. రైతు వాటిని చూసి, ఆమెను చూసి, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకుని నడిచాను.

మేము చేరేసరికి కాన్పు అయింది. బిడ్డలో ప్రాణం లేదు. తల్లికి రక్తం ఆగడం లేదు. నర్సమ్మ సంచిలో ఉన్న ఒక్క సూదీ వేసి, పొత్తికడుపు పిసుకుతూ గుడిసెలోంచే కేకేసింది.

"సారూ, వడగండ్లు ఏరుకరా! నీడకు ఉన్నయి ఇంక కరగలే. గంపలు నింపుకోండ్రి!"

గూడెం ఆడవాళ్ళు, రైతు, నేను బండల సందుల్లో, గడ్డివాముల వెనక, కంచెల కింద ఏరాం. నేను గుమ్మం దాకా తెచ్చి పెడితే లోపలి వాళ్ళు అందుకున్నారు. ఆమె వాటిని గుడ్డలో మూటగట్టి, రెండు చేతులతో ఆ తల్లి పొత్తికడుపు మీద అదిమి పట్టుకుంది. కరిగిన కొద్దీ కొత్తవి. ఎంతసేపో చెప్పలేను. పొద్దు గుట్ట మీదికి వాలేవేళకు లోపల ఆడవాళ్ళ గొంతులు మారాయి. రక్తం నిలిచింది. తల్లి నీళ్ళు అడిగింది.

నర్సమ్మ బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆగకుంట వస్తే బిడ్డ దక్కుతుండెనా?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ఎరుక లేదు సారూ. దక్కుతుండెనేమో," అంది. "గది సచ్చేదాక నన్ను నేనే అడుగుకుంటనే ఉంట."

రైతు తల్లి జొన్న అంబలి వేడిగా తెచ్చి ఇచ్చింది. నర్సమ్మ చేతులు చాపింది కానీ వేళ్ళు ముడుచుకోలేదు. తెల్లగా, కొయ్యబారి ఉన్నాయి. గిన్నె నేను పట్టుకున్నాను. ఆమె రెండు అరచేతులూ దానికి ఇరుపక్కలా ఆనించింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు. తప్పయిందన్న మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"కాలుతుంది, మెల్లగ తాగమ్మా," అని మాత్రం అన్నాను.

అంబలి చల్లారేదాకా ఆమె చేతులు తీయలేదు, నేను గిన్నె దించలేదు.