అయిదిళ్ళ బొంత

మా అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే అమ్మాయి మొన్న మధ్యాహ్నం ఒక పార్సిలు చంకన పెట్టుకుని దిగింది. కత్తెర తెమ్మని నాకే పని చెప్పి, సోఫాలో చతికిలబడి దాన్ని విప్పింది. లోపల పన్నెండు గుడ్డ ముక్కలు. అన్నీ ఒకే కొలత, ఒక్కోటీ ఒక్కో రంగు. ఫోనులో పరిచయమైన పన్నెండు మంది ఆడవాళ్ళు బొంత కోసం తలా కొన్ని ముక్కలు కుట్టి ఒకరికొకరు పంపుకున్నారట. ఎవరి ముఖం ఎవరూ చూసింది లేదు. "మీకిదంతా వింతగా ఉంటుందిలెండి ఆంటీ" అంది జాలిగా. నాకు కాస్త రోషం వచ్చింది. "ఇదే పని యాభై ఏళ్ళ కిందట తిరువూరులో నేను చేశానమ్మా" అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "నిజంగానా! మరి బాగా జరిగిందా?" అని అడిగింది. బాగా జరిగిందనాలో, అంతా తగలడిందనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. కాఫీ పెడతానని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అది డెబ్బై నాలుగో, అయిదో. రెడ్డిగూడెం తోటల నుంచి కాయలు బళ్ళమీద దిగుతున్న రోజులని మాత్రం గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మా వరండాలో సగం మామిడి ఒరుగులు ఎండుతూ ఉండేవి. నాకు ఇరవై ఒకటి, పెళ్ళయి ఏడాది. మా ఆయన తిరువూరులోనే ఒక ఆఫీసులో గుమాస్తా. బావగారు వినగడపలో ఉన్న పొలం చూసుకుంటూ పొద్దున సైకిలెక్కితే పొద్దుగూకే వేళకు దిగేవారు. అత్తగారు నేను ఆ ఇంటికి రాకముందే పోయారు కనుక, ఇంటికి పెద్ద దిక్కు మా తోడికోడలే. నేను అక్కయ్య అని పిలిచేదాన్ని. నిండా ముప్పై లేవు గానీ నడకలో, మాటలో ఏభై ఏళ్ళ నెమ్మది. ఆమెకు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ దక్కలేదు. ఒకరు పదకొండో రోజున, ఒకరు మూడో నెలలో. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ వేసవిలో ఆమెకు మళ్ళీ నాలుగో నెల. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు. ఒకే పొయ్యి ముందు కూర్చుని వండుకుంటూ కూడా అది కనిపెట్టలేని తెలివితేటలు మాత్రం నావి.

తెలివితేటలంటే గుర్తొచ్చింది, పెళ్ళికి ముందు బెజవాడలో మా మేనత్త ఇంట్లో ఉండి మూడు నెలలు కుట్టుపని నేర్చుకున్నాను. మూడు నెలల చదువుకి ముప్పై ఏళ్ళ గర్వం ఉండేది నాకు. అక్కడ మా కుట్టు టీచరు దగ్గర చూసిందే ఈ మార్పిడి పద్ధతి. ఆరుగురు ఆడవాళ్ళు చేరాలి. ప్రతి మనిషీ ఒకే రకానివి పన్నెండు చదరపు ముక్కలు కుట్టాలి. రెండు తను ఉంచుకుని, మిగతా అయిదుగురికీ రెండేసి ఇవ్వాలి. అప్పుడు ప్రతి ఇంటికీ ఆరు రకాల ముక్కలతో ఒక అందమైన బొంత తయారవుతుంది. ఇది నాకు అరటిపండు ఒలిచిపెట్టినట్టుండేది. మా వీధి వాళ్ళకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. "నా గుడ్డ నేను కుట్టుకుని, వాళ్ళ గుడ్డ నేను కప్పుకోవడమేంటమ్మా?" అని రెడ్డిగూడెం పిన్నిగారు చివరిదాకా అడుగుతూనే ఉంది. ఆవిడ ఊరు రెడ్డిగూడెం, అందుకని వీధందరికీ ఆవిడ రెడ్డిగూడెం పిన్నే. ఆవిడా, ఎదురింటి టీచరమ్మా, పూజారి గారి భార్యా, నలుగురు మగపిల్లలతో సతమతమయ్యే కాంపౌండరు గారి భార్యా, నేనూ అయిదుగురం అయ్యాం. ఆరో మనిషిగా అక్కయ్య తనంతట తాను వచ్చి చేరింది. సూది పట్టి ఎరగని మనిషి ఎందుకు చేరిందా అని ఆశ్చర్యపోయి, నా మీద అభిమానం కాబోలు అనుకుని పొంగిపోయాను.

నియమాలన్నీ నేనే పెట్టాను. మొదటిది, అన్నీ కొత్త గుడ్డలే కావాలి. అది విని అక్కయ్య, "పాతవి పనికిరావా అమ్మాయ్? పాతది మెత్తగా ఉంటుంది గదా" అంది. పాత గుడ్డకు బిగువుండదనీ, ఏడాదికే పిగులుతుందనీ, ఇది వంటింటి మసిగుడ్డ కాదనీ ఆమెకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. రెండో నియమం కొలత. జాన పెట్టి కొలిస్తే ఎవరి జాన వాళ్ళదే అవుతుందని, పాత క్యాలెండరు అట్టను చదరంగా కత్తిరించి టీచరమ్మకి ఇచ్చాను. దీన్ని చూసి గుడ్డలు కత్తిరించుకుని, అట్ట పక్కింటికి పంపమన్నాను. టీచరమ్మ నా అట్టను నమ్మకంగా ఇంకో అట్ట మీద పెట్టి, గీత గీసి, గీత పక్కగా కత్తిరించి, ఆ రెండోదాన్ని పంపింది. ఆ తరువాతావిడ దాన్ని చూసి మూడోది కత్తిరించింది. నా అట్ట నలుగుతుందేమోనన్న మర్యాద అందరిదీ! చివరి ఇంటికి చేరేసరికి ఆ చదరం వేలెడు పెరిగింది. పూజారి గారి భార్య పట్టుకు మైల ఉండదంటూ పన్నెండూ ఆకుపచ్చ పట్టుతో కుట్టుకొచ్చింది, అవి అందరి వాటికన్నా పెద్దవి.

అదైనా అర్థమైన తికమక. అసలు తికమక నా ట్రంకు పెట్టెలో మొదలైంది. ఎవరి ముక్కలు పూర్తయితే వాళ్ళు నాకు తెచ్చిచ్చేవారు, నేను మంచం కింద పెట్టెలో దాచి రోజూ మధ్యాహ్నం లెక్కపెట్టుకునేదాన్ని. మొత్తం డెబ్బై రెండు. లెక్క ఎప్పుడూ తప్పలేదు. రకాలే తప్పాయి. రెడ్డిగూడెం పిన్ని ఇచ్చినవి పన్నెండూ పసుపు చుక్కలవని నాకు బాగా గుర్తు. ఒకరోజు చూస్తే పసుపువి పది, మిగతా రెండూ వెలిసిపోయిన నీలం గళ్ళవి. నాకే మతిమరుపనుకున్నాను. రెండు రోజులాగి చూస్తే టీచరమ్మ ఎర్రపూల వాటిలో రెండు పోయి, ఉతికి ఉతికి పూలు మాసిపోయిన రెండు వచ్చాయి. ఆ తరువాత కాంపౌండరు గారి ఇంటివి, చివరికి పట్టువి కూడా. ఎలుక కొడితే ముక్క పోతుంది గానీ పాతబడదు కదా! మా ఆయన్ని అడిగితే, "ఎండలు ముదిరాయి, మజ్జిగ తాగు" అన్నారు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "పాతదైతేనేమమ్మా, మెత్తగా ఉంటుంది" అంటుంది ఒకావిడ. "అలాగా? చూస్తాంలే" అంటుంది ఇంకొకావిడ. టీచరమ్మ ఏకంగా నవ్వి, నా బుగ్గ మీద తట్టి పంపించింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

పంపకం రోజు శుక్రవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ మా వరండాలో చేరారు. పూజారి గారి భార్య తన పీట తనే తెచ్చుకుని కూర్చుంది. నేను చాప పరిచి ముక్కలు పేర్చాను. కొత్తవాటి మధ్య ఆ ఎనిమిది పాత ముక్కలూ చూస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెల రోజుల కష్టం, బెజవాడ చదువు, అంతా నవ్వులపాలైందనిపించింది. "ఇదేంటండీ ఇది? కొత్త గుడ్డలని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? కొత్తవి ఇంట్లో దాచుకుని చిరుగులు నా పెట్టెలో పెట్టిందెవరు?" అని గట్టిగా అడిగాను. వాళ్ళలో ఇల్లు గడవడం కష్టంగా ఉన్నది కాంపౌండరు గారి భార్యకే. నా చూపు ఆవిడ మీదే ఆగింది. "మీరేనా?" అనేశాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సిగ్గుగా ఉంది.

ఆవిడ తల దించుకుని, "అవునమ్మా, నేనే మార్చా. తప్పయిపోయింది" అంది.

"ఆవిడ కాదు, నేను" అంది టీచరమ్మ.

"ఇద్దరూ అబద్ధాలే. మార్చింది నేను. ఏం చేస్తావో చెయ్యి" అంది రెడ్డిగూడెం పిన్ని.

దొంగతనం చెయ్యలేదని పోట్లాడుకునేవాళ్ళని చూశాను గానీ, చేశామని పోటీ పడేవాళ్ళని అదే చూడటం. ఇంతలో లోపలి నుంచి మజ్జిగ గ్లాసులు తెస్తున్న అక్కయ్య గుమ్మంలోనే ఆగి, పళ్ళెం కింద పెట్టేసింది. "వాళ్ళనేం అనకు అమ్మాయ్. మార్చింది నేను" అంది. తరువాత చాప దగ్గర కూర్చుని ఆ పాత ముక్కల్ని ఒక్కొక్కటే ఏరింది. "ఇది కాంపౌండరు గారి పెద్దాడి చొక్కా. ఇది టీచరమ్మ గారి పాప గౌను. ఈ గళ్ళది పిన్నిగారి అబ్బాయి నిక్కరు. ఇది పూజారి గారి చిన్నమ్మాయి పరికిణీ. బతికి బట్టకట్టిన పిల్లల గుడ్డలు బొంత కుట్టి, దాని మీద పడుకోబెడితే..." అని ఆగి, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "దీన్నన్నా నిలుపుకుందామని."

వాళ్ళందరికీ తెలుసు. ఆమె నా పెట్టెలోంచి తన వంతు కొత్త ముక్కలు రెండేసి తీసి, ఎవరి ఇంటివి ఆ ఇంటికే పట్టుకెళ్ళి, బదులు పిల్లల పాత గుడ్డ అడిగిందట. ఎందుకని ఏ ఒక్కరూ అడగలేదు. గుడ్డ చేతిలో పెట్టారు, నోరు మూసుకున్నారు. లెక్క తప్పితే నేను గోల చేస్తానని ఆ పాతవాటిని నా కొలతకే కత్తిరించి పెట్టెలో పెట్టింది పాపం, పంపకంలో తన వంతుకు అడిగి తీసుకోవచ్చని. ఇంతలో అక్కయ్యే హడలిపోయింది. "అయ్యో, బయటికి చెప్పేశానే. ఇంక పనిచెయ్యదేమో" అని ఏడవడం మొదలుపెట్టింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

పూజారి గారి భార్య పీట మీంచి లేచి వచ్చింది. "చెప్పడంలో తప్పేం లేదే పిచ్చిదానా. తప్పు వేరే చోట జరిగింది. నువ్వు కొత్తది ఇచ్చి పాతది పుచ్చుకున్నావు. అది మార్పిడి అవుతుంది గానీ భిక్ష ఎలా అవుతుంది? బిడ్డ కోసమైతే వట్టి చేతుల్తో అడుక్కోవాలి. నీ కొత్త ముక్కలు మాకొద్దు. లేచి కొంగు పట్టు" అంది. ఎవరింటికీ చెంచాడు పంచదారకైనా వెళ్ళని మనిషి మా అక్కయ్య. లేచి నిలబడి కొంగు పట్టింది గానీ మాట పెగలలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "నా బిడ్డకో ముక్క పెట్టండమ్మా" అంది. కాంపౌండరు గారి భార్య చాప మీంచి తన పెద్దాడి చొక్కా ముక్కలు తీసి అందరికన్నా ముందు వేసింది. మిగతా ముగ్గురూ తమ తమ పిల్లలవి వేశారు.

"నాలుగిళ్ళే అయ్యాయి. అయిదు కావాలి" అంది పూజారి గారి భార్య వీధిలోకి చూస్తూ. నాకు పిల్లల్లేరు. అయినా ధైర్యం చేసి, "మా అమ్మకి మేం ఆరుగురం. అందరం ఉన్నాం. నా చిన్నప్పటిది ఒకటుంది, పనికొస్తుందా?" అన్నాను. అంతలేసి మాటలన్నాక నాది పుచ్చుకుంటారో లేదోనని నా భయం. "ఇంకా నిలబడ్డావేం, తే" అందావిడ. గాజులు చుట్టి పెట్టుకున్న నా ఊదారంగు పరికిణీ కత్తెర పెట్టి కోశాను. అట్టా లేదు, కొలతా లేదు. పరుగున వచ్చి ఆమె కొంగులో వెయ్యబోతే, పూజారి గారి భార్య నా మణికట్టు పట్టుకుని ఆపింది. "అడగనీ" అంది. అక్కయ్య నా ముఖంలోకి చూసి, "అమ్మాయ్, నా బిడ్డకో ముక్క పెట్టు" అంది. ఆ ఇంటికి పెద్దకోడలు, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది, అప్పుడే నా చేత మాటలు పడ్డవాళ్ళ ముందు నన్ను అలా అడిగింది. ఏం వేశానో, ఎలా వేశానో నాకు తెలియదు.

మార్పిడి అంతటితో సరి. కొత్త ముక్కలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారో, మా పెట్టెలోనే ఉండిపోయాయో గుర్తు లేదు. ఆ ఎనిమిదింటికీ నా వంకర ముక్క కలిపి, చుట్టూ అక్కయ్య పాత వాయిలు చీర అంచు వేసి, బొంత నేనే కుట్టాను. కార్తీకంలో బెజవాడ ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. పదకొండో రోజు గడిచింది. మూడో నెల గడిచింది. మొదటి పుట్టినరోజు దాకా అక్కయ్య వాణ్ణి ఆ బొంత మీద నుంచి దింపనివ్వలేదు. నిలబెట్టింది డాక్టరమ్మ మందులా, అయిదిళ్ళ చిరుగులా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఇలాంటివి నమ్మను అని పది మందిలో చెబుతుంటాను గానీ, నా ఇద్దరు పిల్లలకీ నేను అడుక్కొచ్చాను.

అక్కయ్య పోయి ఆరేళ్ళవుతోంది. వాడు పోయిన నెల మా ఇంటికి వచ్చి, తలకి రంగేసుకోవడం మానేశాను పిన్నీ, మరీ ముసలాడిలా ఉన్నానా అని అద్దం ముందు దిగులుపడ్డాడు. వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తల వంచమని, ఆ తెల్లవెంట్రుకల్లో కాసేపు వేళ్ళు పెట్టి చూశాను. కాలం ఆగిపోతే బాగుండునని అందరూ అంటారు. ఆ మధ్యాహ్నం మా వరండాలో కొంగు పట్టి ఆమె అడిగింది మాత్రం అది గడవాలనే.