సి డ్రైవులో శవాలు

ఒకే ఒక్క మధ్యాహ్నం, ఒకే ఒక్క మీట నొక్కి, ఇద్దరు పెద్దమనుషుల పరువూ నా ఉద్యోగమూ ఎలా గంగలో కలిపానో ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం మా గదిలో ఎవరూ నవ్వలేదు. బయట ముసురు. లోపల కప్పు నుంచి కారే నీళ్ల కింద పెట్టిన బకెట్టు. దానికి తోడు నేను.

ఎనభైల చివరి రోజులు. హన్మకొండలో ఒక బట్టల దుకాణం పైన మేడగది మా కంప్యూటర్ సెంటర్. బీయెస్సీ పాసై, హైదరాబాదులో చిన్న కోర్సు ఒకటి చేసి వచ్చిన నేను అందులో ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇన్‌స్ట్రక్టర్ అంటే విద్యార్థుల కంటే ఒక పాఠం ముందున్నవాడు. కొన్ని రోజులు అదీ లేదు. కానీ మెడలో టై ఉండేది. ఆ టైతో మా ఊరు నెక్కొండలో ప్యాసింజరు ఎక్కితే, జనం నన్ను మందుల కంపెనీవాడనుకొని కడుపునొప్పికి గోళీలు అడిగేవారు.

సెంటరుకు ఇద్దరు యజమానులు. ఒకాయన రాజమౌళి సారు, కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. రెండో ఆయన నర్సయ్య సారు, లెక్కల పంతులు, ఆయనా రిటైరే. నర్సయ్య సారు చెల్లెలు సుశీలమ్మ రాజమౌళి సారు భార్య. ‘రేపు రిటైరై ఖాళీగా కూర్చుంటే తుప్పు పడతారు, ఏదన్నా పెట్టండి’ అని ఇద్దరినీ పోరి ఈ సెంటరు పెట్టించింది ఆమేనట. తీరా తలుపులు తెరిచేనాటికి ఆమె లేదు. అప్పటి నుంచి బావలిద్దరికీ మాటల్లేవు. ఎందుకో నాకు తెలియదు. అడిగే ధైర్యం టై కట్టుకున్నంత మాత్రాన రాదు.

పొద్దున రాజమౌళి సారు, మధ్యాహ్నం నర్సయ్య సారు వచ్చేవారు. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే ఆ కాసేపే ఇద్దరూ ఒకే గదిలో ఉండేది. మధ్యలో ఫోను తీగలాగా నేను.

"శ్రీనూ, మీ పంతులు సారుకు చెప్పు. ఫ్యాను కిరకిరమంటాంది, జర నూనె పొయ్యాలె."

"మీ గార్డు సారుకు చెప్పు. నూనె గాదు, బేరింగే పోయింది."

ఇద్దరి మధ్య దూరం రెండు కుర్చీలు. అయినా ప్రతి మాటా నా నోటి గుండా పోతేగానీ అవతలి చెవికి చేరేది కాదు. నేను ఫ్యాను గురించి ఎంత గంభీరంగా చెప్పేవాణ్నంటే, చూసినవాళ్లు ఫ్యానుకు జబ్బు ముదిరిందనుకోవాలి.

మా దగ్గరున్న మెషీన్లలో హార్డ్ డిస్క్ ఉన్నది ఒక్కదానికే. దాని మొత్తం జాగా ఇరవై మెగాబైట్లు. ఇవాళ మీ మేనమామ పొద్దున్నే పంపే పువ్వుల వీడియో ఒక్కటి పెడితే దాని కడుపు నిండిపోతుంది. కానీ అప్పట్లో అది మాకు గోదాము. బూట్లు విప్పి, తల దువ్వుకొని దాని ముందు కూర్చునేవాళ్లం.

దానిలో ఒక చదరంగం ఆట ఉండేది. పొద్దున రాజమౌళి సారు గడ్డం కింద చెయ్యి పెట్టుకొని తెర వంక చాలాసేపు చూసి, ఒక్క ఎత్తు వేసి మూసేసేవారు. మధ్యాహ్నం నర్సయ్య సారూ అంతే. పాపం, ముసలివాళ్లు, మెషీనుతో ఆడలేక ఒక్క ఎత్తుకే అలసిపోతున్నారని జాలిపడేవాణ్ని. అవును, నేను జాలిపడేవాణ్ని.

ఆ వానాకాలం సెంటరు పరిస్థితి బాగా దిగజారింది. కొత్తవాళ్లు చేరడం లేదు. ఉన్నవాళ్లు వాన వంకతో రావడం లేదు. అప్పుడొక పత్తి కమీషను వ్యాపారం చేసే అడ్తి సేటు, తన దుకాణం లెక్కలు కంప్యూటర్లో పెట్టించుకుంటానని కబురు పంపాడు. వచ్చి ఒకసారి చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితే మిగతా అడ్తివాళ్లూ వస్తారు. నచ్చకపోతే సెంటరుకు తాళమే. యజమానులిద్దరూ విడివిడిగా నన్ను పిలిచి ఒకే మాట చెప్పారు:

"శ్రీనూ, నీ మీదనే ఉన్నది."

చెప్పకుండా ఉంటే బాగుండేది.

సేటు వస్తానన్న రోజు పొద్దున్నే లెక్కల ప్రోగ్రాం ఫ్లాపీలు తెచ్చి ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టాను. సగం దాకా బాగానే ఎక్కి మెషీను మొండికేసింది. డిస్కులో జాగా లేదంది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ లేదంది. దసరా ముందు జనరల్ బోగీ తలుపు దగ్గర నిలబడ్డవాడి పరిస్థితి నాది. లోపలున్నవాళ్లలో ఎవరినో ఒకరిని దింపాలి.

ముందు పిల్లల టైపింగు పాఠాలు చెరిపాను. చాలలేదు. నేను ఇంగ్లీషులో రాసుకున్న ఉద్యోగ దరఖాస్తు చెరిపాను. చాలలేదు. ఇక చదరంగం డైరెక్టరీలోకి దూరాను. ఆట ఎలాగూ ఫ్లాపీలో ఉంది, కావాలంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. అక్కడ కొన్ని ఫైళ్ల పేర్ల చివర ఎస్, ఏ, వి అని ఉంది. కూడబలుక్కొని చదివాను. శవ్.

ఓహో, చచ్చిన ఫైళ్లన్నమాట! మెషీనే మర్యాదగా పేరు చివర రాసి పెట్టింది, ఇవి శవాలు, తీసేయండి అని. ఇన్నాళ్లూ శవాలను మోస్తూ జాగా లేదంటుందేమిటి పిచ్చిది! దాని తెలివికీ నా తెలివికీ కూడా మురిసిపోయి, డైరెక్టరీ మొత్తం చెరిపెయ్యమన్నాను. ‘ఆర్ యూ ష్యూర్?’ అని అడిగింది. మా ఇంట్లో నన్నెవరూ అంత గౌరవంగా ఏదీ అడిగి ఎరగరు. పొంగిపోయి వై నొక్కాను.

లెక్కల ప్రోగ్రాం దర్జాగా వచ్చి ఆ జాగాలో కూర్చుంది.

మధ్యాహ్నానికి యజమానులిద్దరూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. సేటు ముందు ఇద్దరూ ఉండాలి కదా. చెరొక గోడవైపు తిరిగి కూర్చున్నారు. వాన పెరిగింది. సేటు రాలేదు. ఇంకా పెరిగింది. కింద దుకాణం కుర్రాడు వచ్చి చెప్పాడు:

"సేటు ఫోన్ జేసిండు సార్. పత్తి తడుస్తాందట, ఇయ్యాల రాడట. మళ్ల ఎప్పుడొస్తడో చెప్పలే."

బకెట్టులో చుక్కలు పడుతున్నాయి. ఏం చేయాలో తోచక రాజమౌళి సారు మెషీను ముందు కూర్చున్నారు. కాసేపు మీటలు నొక్కారు. తర్వాత ఆయన మెడ వెనక ఎర్రబడటం నాకు కనబడింది.

"శ్రీనూ, మీ పంతులు సారునడుగు. ఆట ఎటు పోయింది?"

నేను నోరు తెరిచేలోపే నర్సయ్య సారు అందుకున్నారు.

"నాకేం ఎరుకని చెప్పు."

"ఓడిపోయేటోడే బల్ల గుంజుతడని చెప్పు."

"ఎవడు ఓడిపోయేటోడు? ఇంకో మూడెత్తులల్ల ఆయన రాజును కట్టేద్దునని చెప్పు!"

అప్పుడు వెలిగింది నాకు. వాళ్లు ఆడుతున్నది మెషీనుతో కాదు. పొద్దున ఒక ఎత్తు, మధ్యాహ్నం దానికి జవాబు. సెంటరు తెరిచిన నాటి నుంచి ఇద్దరికీ మిగిలిన సంభాషణ అదొక్కటే. దాన్నే నేను శవాల కింద లెక్కగట్టి చెరిపేశాను. మెడ అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. ‘చెప్పు’ అనే మాట వాళ్ల నోటి నుంచి ఎప్పుడు జారిపోయిందో వాళ్లూ గమనించలేదు.

"నీకు ముందు నుంచి గంతే! ఏది చేతిల వెట్టినా పారేసుకుంటవ్!" అన్నారు నర్సయ్య సారు.

"నేనేం పారేసుకున్న?"

"మా చెల్లెను!"

రాజమౌళి సారు లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు.

"ఆ రోజు నా గూడ్సు బండి బల్లార్షాల ఉండె," అన్నారు. "కబురు అందంగనే వేరే బండెక్కిన. నేనొచ్చేసరికి..." అక్కడితో ఆపేశారు.

నర్సయ్య సారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు.

"నువ్వొచ్చినంకనే దవాఖానకు పోదామన్నది. సరేనని నేను పక్కన కూసున్న. వద్దన్నా ఎత్తుకొని పోవద్దా నేను? ఎత్తుకొని పోవద్దా బావా?"

బుద్ధి ఉన్నవాడైతే అప్పుడు మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోతాడు. నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. గొంతు సవరించుకున్నాను.

"సార్... ఆట నేనే చెరిపిన. జాగా లేకుండె. పేరు చివర శవ్ అని ఉన్నది సార్. శవాలనుకున్న."

పోయిన మనిషి గురించి కన్నీళ్లు పెట్టుకుంటున్న ఇద్దరి ముందు నేను ఎంచుకున్న మాట చూశారా! ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"సేవ్ రా అది!" అన్నారు నర్సయ్య సారు. "సేవ్! దాచిపెట్టుకున్నదని!"

తర్వాత వాళ్లు నన్ను పట్టించుకోలేదు. ఒక కాగితం మీద గళ్లు గీసుకొని, ఒకే బల్ల మీద కూర్చొని, ఏ పావు ఎక్కడుందో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. ఒక్క బంటు దగ్గర తప్ప అన్నీ కలిశాయి. ఆ బంటు బతికుందని ఒకరు, ఎప్పుడో చచ్చిందని ఒకరు. పొద్దుగూకేదాకా దాని మీదే పంచాయితీ. మధ్యమధ్య సుశీలమ్మ పేరు వస్తోంది. అప్పుడు గొంతులు తగ్గుతున్నాయి. నేను బకెట్టు నీళ్లు పారబోసి వస్తూ ఉన్నాను.

వెళ్లబోతుంటే రాజమౌళి సారు నన్ను ఆపారు. ఆయన నర్సయ్య సారు వైపు చూశారు, నర్సయ్య సారు తల ఊపారు. అంతకాలం తర్వాత ఇద్దరూ కలిసి తీసుకున్న మొదటి నిర్ణయం నాకు వినిపించారు.

"శ్రీనూ, ఏం అనుకోకు బిడ్డా. రేపటి సంది రావద్దు."

"చెరిపినందుకా సార్?"

"అందుక్కాదు. పాఠాలు చెప్పెతందుకు పిల్లలే లేరాయె. నిన్ను ఉంచుకున్నదే మా నడుమ మాటలు మొయ్యెతందుకు. ఇగ మేమే మాట్లాడుకుంటానం గద."

అలా డిస్కులో జాగా చేయబోయి నా కుర్చీనే ఖాళీ చేశాను. సెంటరు కూడా దీపావళి దాటలేదు.

అందుకే, చదివేవాళ్లంతా సాక్షులుగా, స్నానం చేసి తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఎవరి మెషీనులో గానీ, ఎవరి ఇంట్లో గానీ, ఏది చచ్చిందో ఏది బతికుందో తేల్చే పని ఈ జన్మలో మళ్లీ పెట్టుకోను. జాగా చాలకపోతే నేనే బయట నిలబడతాను.